శస్త్రచికిత్స తరువాతి తొలి రాత్రి

మన సంఘమునందు నొప్పి నోర్చుకొనుట సద్గుణములలో నొకటిగా నెన్నబడుచున్నది. పంటి బిగువున బాధ నడచుకొన్నవాడు ధీరుడు, మూలిగినవాడు పిరికివాడు. ఈ యభిప్రాయము మాకును చిరకాలముగా నుండెను. పరుల నొప్పిని గూర్చి యట్టి యభిప్రాయము కలిగియుండుట మిక్కిలి సులభమని గత సంవత్సరము మా నడుము కోయబడినప్పుడు తెలిసికొంటిమి.

మా నడుమున నాలుగవ, ఐదవ పూసల నడుమనున్న డిస్కు జాఱి యెడమకాలి నరమును నొక్కుచుండెను. ఏడు నెలలపాటు తైలములు, కాపడములు, మాత్రలు అన్నియు నైన పిదప నడచునప్పుడు పాదము నేలను రాచుకొను స్థితి వచ్చెను. శస్త్రచికిత్స తప్పదనిరి. దాని ముందటి సాయంకాలము మత్తు వైద్యురాలు మా మంచముకడకు వచ్చి కూర్చుండి, శస్త్రచికిత్సను గూర్చి కాక, దాని తరువాతి రాత్రిని గూర్చి మాటలాడిరి. అంతవఱకు ఆ రాత్రి మాట మాతో నెవ్వరును ఎత్తియుండలేదు. ఆమె చెప్పినదానిని, తరువాత మేము చదివి తెలిసికొన్నదానిని కలిపి యిచట వ్రాయుచున్నాము.

వెన్నుపాము చుట్టును నిర్మలమైన నీరు గలదు. మందును ఆ నీటిలోనికి చేర్చినచో నొప్పి మెదడునకు పోవు దారిలోనే నిలిచిపోవును. 1898లో జర్మనీదేశపు కీల్ నగరమున ఆగస్ట్ బియర్ అను వైద్యుడు కొకెయిన్‌ను ఇట్లు ప్రయోగించి, తన సహాయకుడగు హిల్డెబ్రాంటుమీద పరీక్షించెను. కాలి యెముకపై ఇనుపసుత్తితో కొట్టినను ఆ సహాయకునికి నొప్పి తెలియలేదట! తరువాత మాత్రము గురుశిష్యు లిద్దఱును తలనొప్పితో బాధపడిరి. నల్లమందు జాతి మందులు వెన్నుపాములోనే నేరుగా పనిచేయునని తెలియుటకు మఱి యెనుబది యేండ్లు పట్టెను. 1979లో మార్ఫీనును రోగుల వెన్నునీటిలోనికి ఎక్కించి, దాని ఫలితమును ప్రకటించిరి.

ఆమె మా యెదుట నుంచిన మందులు మూడు. బుపివకైన్ తిమ్మిరిమందు. అది నరమును మొద్దుబార్చును. నొప్పితోపాటు స్పర్శయు, మోతాదు హెచ్చినచో కదలికయు పోవును. ఇతర శస్త్రచికిత్సలలో దీనికి సాటి లేదు. కాని వెన్నును కోసిన వైద్యుడు రోగి మేల్కొనగానే మొదట అడుగునది కాలివ్రేళ్లు కదల్పుమని. లోపల నెత్తురు గూడుకట్టి నరములను నొక్కినచో కాళ్లు చచ్చుబడును, వెంటనే మరల తెఱువవలయును. కాలు కదలకపోవుట మందువలననో నెత్తురువలననో తెలియక గంటలు గడచినచో ఆ కాలు మరల రాకపోవచ్చును. అందుచేత దీనిని పలుచని మోతాదున సన్నని గొట్టముద్వారా ఇచ్చువారున్నను, పలువురు వెన్ను వైద్యులు సందేహింతురు.

ఫెంటానిల్ కొవ్వులో కరగునది. కనుక వెన్నుపాములోనికి నిమిషములలో చొచ్చుకొనిపోవును, రెండు మూడు గంటలలో విడిచిపోవును. సాయంకాలము వచ్చి దీపాలవేళకే సెలవు పుచ్చుకొను చుట్టమువంటిది. రాత్రి యంతయు మిగిలియుండును.

మార్ఫీన్ స్వభావము దీనికి విరుద్ధము. అది నీటిని విడువదు. మెల్లగా మొదలిడి, ఒక్క సూదితో పదునెనిమిది మొదలు ఇరువదినాలుగు గంటలవఱకు నొప్పిని తగ్గించును. నరములోనికైనచో అనేక మిల్లీగ్రాములు కావలసినచోట, ఇచట 0.1 మొదలు 0.3 మిల్లీగ్రాము చాలును. గాయమును కుట్టుటకు ముందు శస్త్రవైద్యుడే కంటితో చూచుచు ఎక్కింపవచ్చును. కాళ్లు కదలుచునే యుండును. ఇంత మంచి మందునకు దోషము లేదా? నీటిలో నిలిచియుండుటయే దాని గుణము, అదియే దోషము. ఆ నీటితోపాటు మెల్లమెల్లగా మెదడువైపు ఎక్కును. ఎన్నో గంటల తరువాత, నడిరేయి, అందఱును నిద్రించువేళ శ్వాస మందగింపవచ్చును. అందుచేత మొదటి పండ్రెండు గంటలు గంట కొకసారి, తరువాతి పండ్రెండు గంటలు రెండు గంటల కొకసారి రోగి యూపిరిని, మగతను చూడవలెనని వైద్యుల నియమము. నాలొక్సోన్ అను విరుగుడున్నది, కాని ప్రమాదమును చూచినవా రుండవలెను గదా. "రాత్రి గంటగంటకూ చూసే నర్సు ఉన్న చోటే నేనిది ఇస్తాను. లేని చోట ఇవ్వను" అని యామె నిష్కర్షగా చెప్పిరి. దురదలు, వాంతులు, మూత్రము బిగియుట కూడ కలుగవచ్చుననిరి. పారాసిటమాల్ మొదలగునవి యెట్లును తోడుగా నుండును.

ఇంతవఱకు విని మా అక్కగారు ఉలికిపడిరి. "నల్లమందు జాతిదా! తమ్ముడూ, వద్దురా, అలవాటైపోతుంది" అనిరి. వైద్యురాలు కోపగింపక, ఒక్కరాత్రి కొక్కసూదితో ఎవ్వరును దాసులు కారనియు, ఇంటికి పోయిన పిదప నెలల తరబడి మ్రింగు మాత్రలయందే ఆ భయము న్యాయమనియు చెప్పిరి.

అక్కగారి మాటలు మాకు క్రొత్తవి కావు. అవి మా మాటలే. 1998లో మా నాయనగారికి ఇట్టి శస్త్రచికిత్సయే జరిగెను. ఆ రాత్రి డ్యూటీ వైద్యుడు మార్ఫీన్ ఇత్తునా యని మమ్మడిగెను. మేము చదువుకొన్నవారము గనుక, "ఆయన ఓర్చుకోగలరు, ఆ మత్తులు వద్దు" అని గంభీరముగా చెప్పితిమి. నాయనగారిని అడుగలేదు. తెల్లవారి చూడగా ఆయన కండువా అంచు నమలి నమలి పోగులై యుండెను.

మన దేశమున మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ లలో నల్లమందు పైరు ప్రభుత్వపు అనుమతితో పండును. నీమచ్, గాజీపూరులలో దానిని శుద్ధిచేయు కర్మాగారములు గలవు. అయినను 1985 నాటి మాదకద్రవ్య చట్టపు నిబంధనలకు జడిసి పెక్కు ఆసుపత్రులు మార్ఫీనును ఉంచుటయే మానుకొనెను. 2014లో చట్టమును సవరించి దారి సుగమము చేసిరి. మా నాయనగారి విషయమున మాత్రము చట్టమును నిందించుటకు మాకు వీలులేదు. మందు ఆసుపత్రిలోనే యుండెను. అడ్డు నిలిచినది మేము.

మేము మార్ఫీనునకు సమ్మతించితిమి. ఆ రాత్రి నడుమున ఏదో బరువు పెట్టినట్లుండెను గాని కోతబాధ లేదు. ముక్కు మాత్రము తెల్లవార్లు దురదపెట్టి, గోకికొని గోకికొని ఎఱ్ఱబాఱినది. నర్సు గంట కొకసారి వచ్చి మా ఱొమ్మువంక చూచుచు లెక్కించుకొని పోవుచుండెను. అక్కగారు నమ్మకము చాలక, గడియారము చేతబట్టుకొని తామును లెక్కించుచు కూర్చుండిరి. వేకువను "పదునాలుగు" అని తమలో తామనుకొనిరి.

అప్పుడు మేము ఇరువదియేండ్లకు పైగా అడుగలేకపోయిన ప్రశ్న నడిగితిమి. "అక్కా, ఆ రాత్రి నాన్నగారు మందు కావాలని అడిగారా?"

ఆమె గడియారమును బల్లమీద పెట్టిరి.

"రెండుసార్లు అడిగారు. నువ్వు వరండాలో నిద్రపోతున్నావు. నువ్వు వద్దన్నావని నేను లేపలేదు."