వాట్‌గారి అటకగది

పిల్లలూ! పాడైన ఒక నమూనా ఆవిరియంత్రాన్ని మరమ్మతు చెయ్యబోయి, అంతకంటే ఎంతో మేలైన యంత్రాన్నే కనిపెట్టిన జేమ్స్ వాట్ సంగతి మీరు వినే ఉంటారు. ఇంగ్లండులో, బర్మింగ్‌హాం దగ్గర హ్యాండ్స్‌వర్త్‌లో ఆయన ఇల్లుండేది. ఇంటి కప్పు కింద ఆయన పనిగది. రండి, మెట్లెక్కి చూద్దాం.

కిటికీ ముందర కాలితో తొక్కే లేతు. ముక్కను బిగించి తొక్కితే అది గిరగిర తిరుగుతుంది. ఉలిని కదలకుండా ఆనిస్తే పైపొర రాలిపోయి ముక్క గుండ్రమవుతుంది. కావలసిన భాగాలు ఆయనే చేసుకునేవాడు. ముసలితనంలో, శిల్పాలకు నకళ్లు చెక్కే యంత్రాలు రెండు తయారుచేశాడు. ఒక కొన అసలు శిల్పాన్ని తడుముతుంటే, రెండోది రాతిని తొలుస్తుంది! వంటకు పెనం కూడా పైకే తెచ్చుకున్నాడు. (ఇది మీ అమ్మకు చెప్పకండి.)

ఆయన కూర్చునే చోటికి దగ్గరగా ఒక తోలుపెట్టె ఉండేది. అందులో పనిముట్లు లేవు. 1804లో, 27 ఏళ్లకే పోయిన కొడుకు గ్రెగరీ బడిపుస్తకాలు, తొలి రాతలు, గీసిన బొమ్మలు ఉన్నాయి. ఎన్నో ఏళ్లు పిల్లల పుస్తకాలు దిద్దినవాణ్ణి. ఇది చదివాక చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

1819లో వాట్ చనిపోయాడు. గదిని అలాగే ఉంచారు. 1924లో తలుపు, కిటికీ, నేలచెక్కలు, ఎనిమిది వేలకు పైగా వస్తువులు లండను సైన్సు మ్యూజియానికి తరలించారు.