ఖాళీగా వదిలిన ఆ ఒక్క గడి



మా ఆపా వాళ్లది చిత్తూరు. ఆమె కొడుకును తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా తీసుకుంటామన్నారు. ఆపా ఖుషీతో ఆ రోజే ఖీర్ వండి గల్లీ అంతా పంచింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే బాకీ.

ఫారంలో 'మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా?' అని ఉంది. ఐదేళ్ల కిందట కుళాయి దగ్గర ఝగడా అయితే ఇంట్లో మగాళ్లందరి పేర్లూ ఎఫ్ఐఆర్‌లో ఎక్కాయి. తర్వాత కోర్టు ఆ కేసు కొట్టేసింది. "రాయాలా మామూ?" అన్నాడు. "కొట్టేసిందే కదా, వదిలెయ్ బేటా" అన్నాను. ఆ సలహా నాదే.

పోలీసు రిపోర్టులో కేసు నంబరు వచ్చింది, కొట్టేసిన సంగతి రాలేదు. బడివాళ్లు వద్దన్నారు. "పిల్లల దగ్గరికి రానివ్వకూడనంత గునా ఏం చేశాను మామూ?" అంటే నాకు జవాబు దొరకలేదు.

అయినా తనిఖీయే వద్దనలేను. పిల్లలతో మెలిగే సంస్థలన్నీ, బడులైనా ఆటల అకాడమీలైనా, కాంట్రాక్టు సిబ్బందితో సహా అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 నాటి పోక్సో నియమాలు చెబుతున్నాయి. పిల్లలు మన దగ్గరున్న అమానత్. మన మక్తబ్‌లోనూ ఎవరో ఏమిటో చూసుకోవాల్సిందే.

వకీల్ సాబ్ దగ్గరికి వెళ్లాం. ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు గురించి చెప్పారు. కేసు ఉంటే, కొట్టేసినా సరే, నిజం రాయాలి. చిన్న కేసైతే దాచినా మాఫ్ చేయొచ్చు, కానీ అది యజమాని ఇష్టం. "కేసు కంటే దాచడమే మిమ్మల్ని ఎక్కువ దెబ్బతీసింది" అన్నారు. నా తల వంగిపోయింది.

దారి కూడా ఆయనే చూపారు. తీర్పు నకలు జతచేసి, రిపోర్టు సరిచేయమని ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆర్టీఐ కింద రిపోర్టు నకలు అడగాలి. పలకకపోతే అమరావతిలోని హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేయొచ్చు. ప్రైవేటు బడి మీద మాత్రం రిట్ నిలవడం కష్టమట.

అర్జీ ఇచ్చాం. రిట్ దాకా పోకుండానే రిపోర్టు సరిచేశారు, అల్‌హందులిల్లాహ్. అప్పటికే ఆ కొలువు ఇంకొకరికి వెళ్లిపోయింది.

మొన్న ఇంకో బడి ఫారం వచ్చింది. ఈసారి ఆ గడిలో కేసు నంబరు, తీర్పు తేదీ వాడే రాశాడు. పక్కన కూర్చున్నాను, సలహా మాత్రం ఇవ్వలేదు. దువా చేయండి.