బంగారమ్మ కూసింది

పిల్లలూ, ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పిన నేను, పదవీ విరమణ చేశాక ఒక కోడి విషయంలో బోల్తా పడ్డాను. ఆ సంగతి మీకు చెబుతాను.

మాది భీమవరానికి దగ్గరలో ఒక పల్లె. పెరట్లో జాగా ఉన్నది గనక, గుడ్లకోసం పెట్టలను పెంచుదామని మా ఇంటావిడ అన్నది. శ్రావణమాసంలో సంతకు వెళ్ళి, నెల దాటిన పిల్లలను ఆరింటిని కొన్నాను.

"అన్నీ పెట్టలే మేష్టారూ, నాదీ పూచీ!" అన్నాడు గంపవాడు.

నేను ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసి, తెలిసినవాడిలాగా తల ఊపాను. నిజానికి నాకేమీ తెలియదు. చిన్నపిల్లల్లో పెట్ట ఏదో పుంజు ఏదో పోల్చటం అంత తేలిక కాదు. పుట్టిన నాడే పోల్చే పద్ధతిని జపాను శాస్త్రజ్ఞులు సుమారు వందేళ్ళ క్రితం కనిపెట్టారు గాని, అది చేతికి రావాలంటే ఎంతో అభ్యాసం కావాలి.

మూడో తరగతి చదివే మా మనుమరాలు ఆరింటికీ పేర్లు పెట్టింది. ఎర్రగా ఉన్నదాని పేరు బంగారమ్మ. అది పిల్ల అరచేతిలో నూకలు తినేది.

రెండు నెలలు గడిచేసరికి బంగారమ్మ జుట్టు ఎర్రబడింది. మిగిలినవాటి జుట్టు ఇంకా పాలిపోయే ఉన్నది. దాని కాళ్ళు లావెక్కాయి. తోక మొదట్లో మిగతావాటికి ఈకల కొసలు గుండ్రంగా ఉంటే, దీనికి సన్నగా, మొనదేలి, నిగనిగలాడుతున్నాయి. "మంచి ఆరోగ్యం!" అన్నాను నేను. మా ఆవిడ నవ్వి ఊరుకున్నది.

కార్తీకమాసంలో ఒకనాటి తెల్లవారుజామున పెరట్లో, నూనె లేని బావి గిలక తిరిగినట్టు చప్పుడయింది. టార్చిలైటు తీసుకుని వెళ్ళాను. బంగారమ్మ మెడ సాచి కూస్తున్నది!

"ఇక బంగారయ్య అనాలి కాబోలు," అన్నది మా ఆవిడ. పేరు మార్చటానికి వీల్లేదన్నది మనుమరాలు.

నాకు మాత్రం చిరాకు వేసింది. పెట్ట గుడ్డు పెట్టటానికి పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోతే ఆ గుడ్లు పిల్లలు కావు, అంతే. మరి ఈ తిండిదండగ ఎందుకు? పైగా పక్కింటాయన రైసుమిల్లులో రాత్రి పని చేసి వచ్చి పడుకుంటాడు. "మేష్టారూ, దీని నోరు మూయించే ఉపాయం లేదా?" అని అడిగాడు. గంప కింద కమ్మి, పైన గోనెసంచులు కప్పాను. అయినా వేళకు కూసింది. ఎందుకంటే, పుంజుకు వెలుతురు కనబడనక్కర్లేదు. దాని ఒంట్లోనే ఒక గడియారం ఉన్నది. జపానులోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ఈ సంగతి రుజువు చేశారు. ఎల్లప్పుడూ ఒకే మసకవెలుగు ఉండే గదిలో పెట్టినా పుంజులు వేళకే కూశాయట.

ఆ రోజుల్లోనే ఒకాయన మా ఇంటికి వచ్చి, పుంజును చేత్తో ఎత్తి, రెక్కలు విప్పి చూశాడు. "డేగ, మేష్టారూ! ఏడాది మేపి పై సంక్రాంతికి బరిలో దింపుతాను. మూడువేలు ఇస్తాను," అన్నాడు.

నేను వెంటనే వద్దని ఉండవలసింది. "ఆలోచించి చెబుతాను," అన్నాను.

ఆయన వెళ్ళాక మనుమరాలు, "తాతయ్యా, బంగారమ్మ కాలికి కత్తి కడతారా?" అని అడిగింది. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువులను పందేనికి ఉసిగొల్పటం నేరమని ఏటా క్లాసులో చెప్పినవాణ్ణి నేనే. ఆ పిల్లకు ఏం చెప్పాలో తోచక పడకకుర్చీ తీసుకుని పెరట్లో కూచున్నాను.

అప్పుడు మొదటిసారి ఆ పుంజును సరిగా చూశాను. దానికి పురుగు దొరికితే మింగదు. ముక్కుతో ఎత్తి, కిందపెట్టి, టుక్కుటుక్కుమని పెట్టలను పిలుస్తుంది. కొంతసేపటికి అది మెడ వంచి ఒంటికన్నుతో ఆకాశంలోకి చూసి, సన్నగా సాగదీసి కీచుమన్నది. ఐదు పెట్టలూ మందారపొద కిందికి దూరాయి. పైన గద్ద! రెండు రోజుల తరవాత కంచెలో ముంగిస కనిపించింది. ఈసారి కీచుమనలేదు, కక్కక్కని ఆపకుండా అరిచింది. పెట్టలు పొదలో దూరలేదు. మెడలు నిక్కించి చుట్టూ చూశాయి. పుంజులు గాలిలో శత్రువుకు ఒక అరుపూ, నేలమీది శత్రువుకు మరో అరుపూ అరుస్తాయని శాస్త్రజ్ఞులు ఎన్నో ప్రయోగాలు చేసి తెలుసుకున్నారు. నేను పుస్తకంలో చదివాను గాని, నా పెరట్లో వినలేదు.

మూడువేల ఆసామీ మళ్ళీ వచ్చాడు. ఐదు వేలన్నాడు. "అది నాది కాదు, నా మనుమరాలిది," అని పంపేశాను. కోళ్ళగూడును గడ్డివాము అవతలికి మార్చాను. పక్కింటికి అప్పుడప్పుడూ గుడ్లు పంపుతున్నాం. ఆయన కోపం సగం తగ్గింది. సగం ఇంకా ఉన్నది.

ఫాల్గుణంలో ఒక పెట్టను పదకొండు గుడ్లతో పొదగేశాం. ఇరవై ఒకటోనాడు తొమ్మిది పిల్లలు వచ్చాయి. మనుమరాలు గంప ముందు చతికిలబడి, "వీటిలో పెట్టలెన్ని, తాతయ్యా?" అని అడిగింది.

"రెండు నెలలు ఆగి చెబుతాను," అన్నాను.