నడికుడిలో ఏడు రోజులు

జాతీయ సేవా పథకం 1969లో మొదలైంది. అప్పటి నుంచి ఎన్ని శిబిరాలు జరిగాయో గాని, నేను వెళ్ళింది ఒక్కదానికే; అదీ, నిజం చెప్పొద్దూ, సర్టిఫికెట్టు కోసం. నడికుడి జంక్షన్‌లో రైలు దిగేసరికే ఎండ నిప్పులు చెరుగుతోంది.

బోరింగు పక్కన ఇంకుడుగుంత తవ్వడం మా పని. పల్నాటి నేలాయె! జానెడు మట్టి తీయగానే పలుగు నాపరాతికి తగిలి ఖంగుమంది. రెండో రోజుకే అరచేతులు బొబ్బలెక్కాయి. ఎదురింటి అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న ఒక అవ్వ చూసి చూసి లేచొచ్చింది. "అట్టా కాదబ్బాయా, సందు చూసి పొడవాల" అని పలుగు పుచ్చుకొని చూపించింది. ఆనక అడిగింది: "మీరు పోయినాక ఇందులో పూడిక ఎవురు తీత్తారు?"

మావాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నన్ను హైదరాబాదులో కోచింగుకు పంపాలని నాన్న అప్పటికే అప్పు తెచ్చారు. బి.ఇడి. చదివి మా ఊరి దగ్గరే పంతులు కావాలని నా కోరిక. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేక ఏడాది గడిపాను. ఏడో రోజు రాత్రి ఫోన్ చేసి చెప్పేశాను.

చాలాసేపు పలకలేదు. "ముందు ఇంటికి రా, అన్నం తిన్నాక మాట్లాడుకుందాం" అన్నారు.

వానలు పడ్డాక ఒక ఆదివారం మళ్ళీ నడికుడి వెళ్ళాను. గుంత సగం పూడిపోయింది. అవ్వను పార అడిగాను.