మా తోట నిబంధన

1953లో బళ్లారి జిల్లానుండి విడివడిన మా ఆలూరు ప్రాంతము మెట్టసీమ. ఇచట మొక్కకంటె ముందు నీటినిగూర్చి తలంపవలయును.

ఇంగ్లాండు పట్టణములలో పౌరులు పాళ్లుగా సాగుచేసికొను తోటలు కలవు. ఒక్కొక్క పాలు 25 సెంట్లకు మించక, పంట ముఖ్యముగా సాగుదారుని కుటుంబము భుజించుటకే కావలయునని అచటి 1922వ సంవత్సరపు శాసనము. అది విని మేమును పొత్తుగా కూరగాయలతోట వేసి, మళ్లు పంచుకొంటిమి. మడికి దినమునకు 2 బిందెల నీరనియు, 15 దినములు తడుపని మడి యితరులకు చెందుననియు వ్రాసికొంటిమి.

మాలో నొకడు తల్లిదండ్రులవెంట మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు సుగ్గికి పోయెను. 16వ దినమున వాని వంగమడిని మఱియొకని కిచ్చితిమి. వాడు తిరిగివచ్చి, ఏమియు ననక, ఆ మడికే రెండు బిందెలు పోసి పోయెను.

మేము మిక్కిలి సిగ్గుపడితిమి. సోమరికై వ్రాసిన నిబంధన కూటికై పోయినవానిని వెడలగొట్టెను. మడి మరల వానికే యిచ్చి, ఇట్లు చేర్చితిమి: సుగ్గికి పోయినవాని మడిని పొరుగు మడివాడు తడుపవలయును, పంటలో చెరిసగము.

రాబోవు తరగతులవారలారా, తక్కిన నిబంధనలు మార్చుకొనుడు. దీనిని మాత్రము చెఱుపకుడు.