మూడు కెమెరాలు – ఒక్కటే బండారి

మా తెలుగు క్లబ్ ఆన్‌లైన్ షోల ఈసారి ఒగ్గుకథ పెడదామని అనుకున్నప్పుడు మా చేతిల ఉన్నవి మొత్తం 18,000 రూపాయలు. కళాకారుల బృందానికి ఇచ్చేది, లైట్లు, బండి కిరాయి అన్నీ పోను కెమెరాలకు మిగిలేది ఏడు వేలు. కావాల్సినవి మూడు కెమెరాలు.

మూడు ఎందుకంటే, ఒగ్గుకథ ఒక్క కెమెరాకు లొంగదు. కథకుడు ఇప్పుడు రాజు అయితడు, రెప్ప కొట్టేలోపు రాజు భార్య అయితడు. పక్కన డోలు కొట్టేటాయన ముఖంలనే సగం కథ ఉంటది. వంతపాడేటోళ్లు నడుమ నడుమ నవ్విస్తరు. అందుకే మొత్తం వేదికకు ఒకటి, కథకుని ముఖానికి ఒకటి, డోలు, వంతలకు ఒకటి అని లెక్క వేసినం.

మనకు దగ్గర్లనే లంబాడిపల్లి ఉన్నది. 2012లో మొదలైన మై విలేజ్ షో ఆ ఊరిని, గంగవ్వను ప్రపంచమంతా ఉన్న తెలుగోళ్లకు దగ్గర చేసింది. "వాళ్లను చూడు, మనిషి బాగుంటే కెమెరా ఏదైతేంది?" అన్నడు మా సీనియర్ అన్న ఒకాయన. మాట నిజమే. కానీ అట్లాంటి చిన్న సినిమాలకు ఒక్క కెమెరాతోని కూడా పని నడుస్తది. షాట్ తీసుకొని, కెమెరా జరిపి, అదే మాట మళ్ల చెప్పించుకోవచ్చు. లైవ్‌ల నడుస్తున్న కథను ఆపి "తాతా, మళ్లొక్కసారి" అనలేం గదా! ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు అప్పటికప్పుడు మారుతుండాలె. ఆ మారుడు చూసేటోళ్లకు తెలవొద్దు.

మాల రెండు పార్టీలైనయి. ఒక మంచి 4కె మిర్రర్‌లెస్ కిరాయికి తెచ్చి, తోడుగా మన ఫోన్లు రెండు పెడదామని ఒక పార్టీ. మూడూ ఫోన్లే పెట్టి పైసలు మిగుల్చుదామని ఇంకో పార్టీ. కొట్లాట ఎందుకని ముందుగాల పరీక్ష పెట్టినం. మా హాస్టల్ వాచ్‌మెన్ కాకను ట్యూబ్‌లైట్ కింద కూసోబెట్టి, మూడు కంపెనీల ఫోన్లతోని ఒకేసారి తీసి, పక్కపక్కన పెట్టి చూపించినం. ఒకదాంట్ల కాక ఎర్రగ, ఒకదాంట్ల పాలిపోయినట్టు, ఒకదాంట్ల కామెర్లు వచ్చినట్టు ఉన్నడు. కాక చూసి, "ఈ మూడిట్ల నేనెవన్ని బిడ్డా?" అన్నడు.

అందరం నవ్వినం కానీ, అసలు ప్రశ్న అదే. ఏ ఫోను చెడ్డది కాదు. విడివిడిగ చూస్తే మూడూ బాగనే ఉన్నయి. కానీ మనిషి తోలు ఏ రంగుల కనబడాలన్నది ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కో తీరుగ నిర్ణయిస్తది. కొన్ని మనల్ని అడగకుండనే నునుపు చేసి, తెలుపు చేస్తయి. ఎండల పనిచేసిన ముఖం కెమెరా మారినప్పుడల్లా రంగు మారితే, చూసేటోని మనసు కథ మీదికెళ్లి రంగు మీదికి పోతది.

ఒగ్గుకథకు ఇంకో చిక్కున్నది. మల్లన్న కథ అంటే బండారి. నుదురు నిండ పసుపు, పట్నం వేస్తే నేలంత పసుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఆటో వైట్ బ్యాలెన్స్‌ల పెట్టిన కెమెరాకు ఫ్రేమ్ నిండ పసుపు కనబడితే, లైటే పసుపుగ ఉన్నదేమో అనుకొని నీలం దిక్కు గుంజుతది. మనకు బండారి, దానికి సవరించాల్సిన లోపం! మూడు కెమెరాలు మూడు తీర్ల సవరిస్తే మూడు రకాల బండారి అయితది.

దారి చూపించింది కరీంనగర్‌ల పెండ్లిళ్ల వీడియోలు తీసే ఒక అన్న. "తమ్మీ, మస్తు మంచి కెమెరా ఒకటి, మామూలువి రెండు కలిపితే మామూలువి ఇంకా అధ్వానంగ కనబడతయి. మూడూ మామూలువే అయినా ఒక్క తల్లి పిల్లల్లెక్క ఉండాలె" అన్నడు. ఆయన దగ్గర ఒకే మోడల్ పాత ఫుల్ హెచ్‌డీ క్యామ్‌కార్డర్లు మూడున్నయి. ఇప్పుడు పెండ్లోళ్లందరు 4కె అడుగుతున్నరని అవి అల్మారల పడున్నయి. స్విచ్చర్, హెచ్‌డీఎంఐ తీగలతోని కలిపి మూడిటిని 6,000కు కిరాయికి ఇచ్చిండు.

లెక్క కూడ చూసినం. 4కెల ఫుల్ హెచ్‌డీ కంటే నాలుగింతల పిక్సెల్స్ ఉంటయి, నిజమే. కానీ మా షో చూసేటోళ్లు ఎక్కువమంది చూసేది ఫోన్ల. పైగా చాలా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తయి. అరగంట దాటి రికార్డ్ చేసేదాన్ని యూరప్‌ల వీడియో కెమెరా కింద లెక్కగట్టి సుంకం వేసేటోళ్లు గనుక కంపెనీలు అట్ల గీత గీసినయి. మన కథేమో రెండు గంటలు! క్యామ్‌కార్డర్‌కు ఆ గీత లేదు. జూమ్ దాంట్లనే ఉంటది, మైకు తీగ నేరుగ పెట్టుకోవచ్చు. లోపం కూడ ఉన్నది. సెన్సార్ చిన్నది కాబట్టి చీకట్ల గింజలు గింజలుగ కనబడతది. అందుకే మిగిలిన 1,000 కూడ లైట్లకే పెట్టినం.

ఒకే మోడల్ తెచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. మూడిట్ల ఆటోలన్నీ బంద్ చేసినం. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దానికి పొంతన లేని షట్టర్ పెడితే ట్యూబ్‌లైట్ వెలుతురు తెర మీద చారలు చారలుగ పాకుతది. కథకుడు నిలబడే జాగల తెల్ల కాగితం పట్టుకొని, అదే లైట్ల మూడు కెమెరాలకు వైట్ బ్యాలెన్స్ సెట్ చేసినం. ఆ తర్వాతనే తాత వచ్చి బండారి పెట్టుకున్నడు.

కథ అయినంక రికార్డింగ్ చూపిస్తే తాత ఓపికగ చూసిండు. రంగుల మాటెత్తలేదు. "నేను, డోలాయన ఒక్క జాగలనే ఉన్నట్టున్నది" అన్నడు. మాకు కావాల్సింది అదే.

ఈ పట్టింపు ఎందుకంటే, హనుమాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథను మా తరం ఎదురుంగ కూసొని చూడలేదు. 2021 పద్మశ్రీల పేరున్న మార్లవాయి గుస్సాడి గురువు కనకరాజు 2024లో కాలం చేసిండు. ఇట్లాంటోళ్లను రేపటి పిల్లలు చూసేది రికార్డింగ్‌లల్లనే. ఆ రికార్డింగ్‌ల వాళ్ల ముఖం వాళ్ల ముఖం లెక్కనే ఉండాలె.

మా బ్యాచ్‌ల ఉట్నూరు దోస్తు ఒకడున్నడు. దీపావళికి వాళ్ల దిక్కు దండారి ఆడేటప్పుడు, ఊరి పెద్దలు ఒప్పుకుంటే, గుస్సాడి తీద్దామంటున్నడు. నెమలి ఈకల టోపీలు, ఒంటికి బూడిద, పట్టపగటి ఎండ. లైట్ల ఖర్చు ఉండదు కానీ మబ్బు పట్టినప్పుడల్లా మూడు కెమెరాల్ల ఒకేసారి వెలుతురు సరిచెయ్యాలె. అన్నకు ఇప్పుడే ఫోన్ చేసి, ఆ మూడు కెమెరాలను ఎవ్వలకు అమ్మొద్దని చెప్పినం.