తనవారే పరులని తోచినప్పుడు

చాల ఏండ్లుగా స్వామివారికి తులసిమాలలు కట్టి సమర్పించే ఒక గృహిణికి మాఘమాసంలో వేళ్లు ముడుచుకొనలేదు. నిద్ర లేచిన తరువాత గంటకు పైగా కణుపులు బిగుసుకొని ఉండేవి. అదివరకే ఆమెకు హషిమోటో థైరాయిడ్ వ్యాధి ఉన్నది. ఈ నొప్పి ప్రారబ్ధమని, అనుభవించియే తీర్చుకొనవలెనని ఆమె నిశ్చయం. ఏకాదశినాడు థైరాయిడ్ మాత్ర కూడ మానివేసేది.

ఆ వ్యాధిని 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించాడు. దాని స్వరూపం 1956లో తెలియవచ్చింది. థైరాయిడ్ గ్రంథికి ప్రతికూలమైన ప్రతిరక్షకాలను రోగుల రక్తంలో లండన్ పరిశోధకులు కనుగొన్నారు. అనగా దేహాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థయే స్వీయాంగాన్ని శత్రువని భ్రమిస్తున్నది. రుమటాయిడ్ కీళ్లవాతంలో ఈ భ్రాంతి కీళ్ల లోపొరపై, షోగ్రెన్ వ్యాధిలో కన్నీటి, లాలాజల గ్రంథులపై, లూపస్‌లో చర్మం, కీళ్లు, మూత్రపిండాలు మొదలైన వాటిపై పడుతుంది. వీటికి కొన్ని జన్యుకారణాలు ఉమ్మడి. అందుచేత ఒకటి ఉన్నవారికి మరొకటి వచ్చే అవకాశం ఇతరులకంటె అధికం. స్త్రీలలో ఇవి మరింత ఎక్కువ. అయితే థైరాయిడ్ హార్మోన్ తగ్గినంత మాత్రాన కూడ కండరాలు, కీళ్లు నొప్పిపెట్టగలవు. ఏది కారణమో పరీక్షయే తేల్చాలి.

త్రాడును పామనుకొనడం వేదాంతంలో ప్రసిద్ధ దృష్టాంతం. అనాత్మను ఆత్మ అనుకొనడం జీవుని భ్రాంతి. తనదానిని పరమనుకొనడం ఈ రక్షణవ్యవస్థ భ్రాంతి. పోలిక ఇంతవరకే. మొదటిది జ్ఞానంతో నివర్తిస్తుంది. రెండవదానికి ఔషధం కావాలి. అది రోగి అజ్ఞానఫలమూ కాదు, భక్తిలోపమూ కాదు.

వ్యాధి ప్రారబ్ధమే అనుకొన్నా, చికిత్స పురుషకారం. ప్రారబ్ధం పేరిట పురుషకారాన్ని విడువమని శాస్త్రం చెప్పదు. జలం, ఫలం, పాలవలె ఔషధం కూడ వ్రతభంగకరం కాదని మహాభారతం ఉద్యోగపర్వంలోనే ఉన్నది.

చివరకు కోడలు బలవంతంగా వైద్యుని వద్దకు తీసుకొనిపోయింది. పరీక్షలలో రుమటాయిడ్ కీళ్లవాతమని తేలింది. చికిత్సతో వాపు, నొప్పి తగ్గాయి. కాని ఆలస్యం వల్ల కుడిచేతి చూపుడువ్రేలు వంకరగానే మిగిలింది.

ఇప్పుడామె ఏకాదశినాడు కూడ తెల్లవారుజామున పరగడుపున నీటితో మాత్ర వేసుకొంటుంది. పిదప తులసి ముందర కూర్చుంటుంది. మాల మునుపటికంటె పొట్టిది. స్వామి కంఠంలో అది ఎన్నడూ చిన్నదిగా కనబడలేదు.